చివరి ఇంటి దాకా సముద్రం

చిత్తూరు జిల్లాకు సముద్రం తెస్తున్నట్టు మంత్రి రాజారత్నం గారు ప్రకటించినప్పుడు విలేకరుల్లో ఒక్కరూ నవ్వలేదు. అంతకుముందు ఇదే హాల్లో మంత్రిగారు ఐటీ పార్కు తెస్తామన్నారు, ఓడలు తయారుచేసే కర్మాగారం తెస్తామన్నారు. అప్పట్లోనే నవ్వడం అయిపోయింది.

నిజానికి మంత్రిగారి వాదనలో వంక పెట్టడానికేమీ లేదు.

"జిల్లాలు ఇడగొట్టినారు. సరే, ఇడగొట్టుకోండి. ఏడుకొండలసామి తిరుపతోళ్ళకు పోయినాడు. విమానాలు వాళ్ళకే పోయినాయి. సాలదా? తడ పక్కనుండే సముద్రాన్ని గూడా తెచ్చి వాళ్ళ జిల్లాకే అంటించినారు. మనకేం మిగిలినాది? మామిడికాయలు, బెల్లము, ఎండ. సముద్రం లేకుండా బతకమనడానికి చిత్తూరోళ్ళు ఏం పాపం చేసినారప్పా?"

హాలంతా చప్పట్లు. మంత్రిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ప్రతి మండలానికి, ప్రతి పల్లెకి, పల్లెలో చివరి ఇంటి దాకా సముద్రం చేరాల. అంతదాకా ఈ రాజారత్నం నిద్రపోడు."

ఆ తర్వాత ఆయన లోపలికి వెళ్ళి, భోజనం చేసి, కాసేపు పడుకున్నారు.

మొదటి విడత సముద్రం మంత్రిగారి క్యాంపు ఆఫీసులోనే ఏర్పాటైంది. గోడ పొడవునా గాజు తొట్టి. అందులో ఉప్పునీళ్ళు, పగడాలు అతికించిన రాళ్ళు, పైన నీలం లైట్లు. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలున్న చిన్న చేపలు రాళ్ళ మధ్య నుంచి తొంగి చూసేవి. దీన్ని బయట రీఫ్ అక్వేరియం అంటారని ఒక అధికారి నోరు జారాడు. ఆయన్ను కుప్పం వైపు బదిలీ చేశాక అందరూ సముద్రమనే అన్నారు.

ఈ సముద్రాన్ని చూసుకునే భారం మునస్వామి మీద పడింది.

మునస్వామిది ఐరాల మండలం రాళ్ళగుంటపల్లె. ఊహ తెలిసినప్పటి నుంచి పార్టీ జెండా మోస్తున్నాడు. మోసి మోసి కుడి భుజం ఎడమ భుజం కంటే కొంచెం కిందికి దిగింది. ఆయన కోరికల్లా ఒక్కటే. కారు ముందు ఎర్ర రంగులో 'చైర్మన్' అని రాసిన బోర్డు ఉండాలి, ఆ కారులో తను ఊళ్ళోకి దిగాలి. ఒకసారి మార్కెట్ యార్డు ఇస్తామన్నారు, అది మంత్రిగారి బామ్మర్దికి పోయింది. ఇంకోసారి గ్రంథాలయం ఇస్తామన్నారు. చదువు రావడం మునస్వామికి అడ్డొచ్చింది. ఆ అనర్హత లేని వేరే ఆయనకు ఇచ్చారు.

ఈసారి మంత్రిగారే స్వయంగా పిలిచి భుజం మీద చెయ్యి వేశారు. కిందికి దిగిన భుజం మీదే.

"సముద్రాభివృద్ధి మండలి చైర్మన్‌వి నువ్వే మునసామీ. మన పెద్దాయన రాజధాని నుంచి వచ్చి ప్రారంభం చేస్తాడు. ఆ తరువాత ఆర్డరు. అందాక సముద్రం సచ్చిపోకుండా సూసుకో."

సముద్రానికి నీళ్ళు కావాలి. తడ అవతల నుంచి తేవాలి. తేవడానికి ట్యాంకరు కావాలి. జిల్లాలో ఉన్న ట్యాంకర్లన్నీ ఏదో ఒక నాయకుడి ఊరికి నీళ్ళు తోలుతున్నాయి, ముట్టుకుంటే గొడవ. గొడవ చేసే నాయకుడు లేని ఊరు రాళ్ళగుంటపల్లె ఒక్కటే. అక్కడి నాయకుడు మునస్వామి.

ఆయన ఊరికి వెళ్ళి, ట్యాంకరు కోసం బిందెలు వరుసగా పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళ ముందు సంగతి విడమరిచి చెప్పాడు. ముందు నిలబడింది సుబ్బులమ్మ. ఆమెది ఊరి చివరి ఇల్లు. అంత దూరం నుంచి అందరికంటే ముందే వచ్చి నిలబడుతుంది.

"కొన్ని దినాలే అవ్వా. నేను చైర్మన్ అయినానంటే ట్యాంకరు ఎవురికి కావాల? పైపులైను వేయిస్తా. నీ ఇంటి ముందర కొళాయి."

"అందాక ఏం తాగాల మునసామీ?"

"పక్కూళ్ళో బోరుండాది గదా."

"ఆ సంగతి పక్కూరోళ్ళకు తెలుసునా?"

మునస్వామి డ్రైవరుకు ఫోను కలిపాడు. ట్యాంకరు ఆ సాయంత్రమే తడ దోవ పట్టింది.

అప్పటి నుంచి సుబ్బులమ్మ సోమవారం సోమవారం క్యాంపు ఆఫీసుకు రావడం మొదలుపెట్టింది. వాకిట్లో మంత్రిగారి పీఏ గంగాధరం కూర్చుని ఉండేవాడు. చేతిలో అర్జీ కూడా లేని మనిషిని చూస్తే ఆయనకు చికాకు.

"సారు క్యాంపులో ఉండాడమ్మా. సోమవారం రా."

"ఇదే క్యాంపు ఆఫీసు అనిరి గదప్పా?"

"ఇది క్యాంపు ఆఫీసు. సారు ఉండేది క్యాంపు."

ఇంత స్పష్టంగా చెప్పే పీఏలు ఈ రోజుల్లో అరుదు. సుబ్బులమ్మ కాసేపు సముద్రాన్ని చూసి, కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయేది.

సముద్రానికి ఒక కన్సల్టెంటు కూడా ఉంది. పేరు ప్రశాంతి, నగరి అమ్మాయి, చేపల పెంపకంలో ఎమ్మెస్సీ. ప్రతి ఉదయం గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు పట్టి, ఏవో చుక్కలు వేసి, రంగు చూసేది. రంగు పసుపులో ఉంటే క్షేమం. ఎరుపు తిరిగే కొద్దీ ప్రమాదం. మొదటి వారం పసుపు. తర్వాత సముద్రం పేరు నలుదిక్కులా పాకింది.

మన వైపు ఒక మంచి అలవాటుంది. మంత్రిని చూడడానికి ఎవరూ ఉత్త చేతులతో రారు. మంత్రిగారు క్యాంపులో ఉండడం వల్ల తెచ్చింది ఎవరికి పెట్టాలో తెలియక చేపలకు పెట్టసాగారు. ఒకరు బొరుగులు చల్లారు. ఒకరు కొండ మీది లడ్డు చిదిమి వేశారు, ప్రసాదం వద్దనడానికి ఎవరికి నోరొస్తుంది? చిత్తూరు టౌను వర్గం వాళ్ళు మేత వేస్తూ ఫోటో దిగితే, మధ్యాహ్నానికల్లా పూతలపట్టు వర్గం వాళ్ళు అంతకంటే పెద్ద పొట్లంతో దిగేవాళ్ళు. మంత్రిగారి పుట్టినరోజున చేపలకు పులిహోర వడ్డన జరిగింది.

గాజు మీద పాచి పట్టింది. గొట్టంలో నీళ్ళు మిరపపండు రంగుకు వచ్చాయి.

"నైట్రేట్ బాగా పెరిగింది సార్, ఫాస్ఫేట్ కూడా," అంది ప్రశాంతి. "చేపలు తిన్నదీ, తినకుండా వదిలిందీ కుళ్ళి అట్లా అవుతాది. ఒకవిధంగా ఎరువు సార్."

మునస్వామి రైతు. వెంటనే అందుకున్నాడు. "అంటే సముద్రంలో యూరియా, డీఏపీ ఎక్కువైనాయి అంటావు."

"అంతే సార్."

"మంచిదే గదమ్మా. వాటికోసరం రైతులు చెప్పులు వరసలో పెట్టి నిలబడుకోని ఉండారు."

"పాచికి మంచిది సార్. పగడాలకు కాదు. మేత తగ్గించాల."

మునస్వామి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అమ్మా, నువ్వు చిన్నపిల్లవి. మేత ఆపినామంటే ఏమైతాదో తెలుసా? సముద్రంలో ఆకలి కేకలు అని రేప్పొద్దున పేపర్లో వస్తాది. పైగా టౌనోళ్ళ మేత ఆపి పూతలపట్టోళ్ళ మేత ఆపకుంటే ఒక తంటా, ఇద్దరిదీ ఆపితే ఇద్దరూ ఒకటైపోతారు. మేత ఆపకుండా ఏమన్నా ఉంటే చెప్పు."

ప్రశాంతి ఆలోచించింది. "ఒకటుంది సార్. నీళ్ళలో మంచి బ్యాక్టీరియా ఉంటాది. దానికి కొంచెం తీపి అందిస్తే పెరిగి, ఈ నైట్రేట్‌నీ ఫాస్ఫేట్‌నీ తినేస్తాది. రోజుకు చిటికెడు చక్కెర. చిటికెడంటే చిటికెడే సార్. నిదానంగా, వారాల తరబడి చేయాల. నేను వచ్చినాక మొదలుపెడదాం."

రావడం అంటే పెళ్ళి నుంచి. నగరిలో ఆమె పిన్నమ్మ కూతురి పెళ్ళి. ఆమె అటు బస్సెక్కింది. ఇటు గంగాధరం ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"మునసామన్నా, పెద్దాయన ప్రోగ్రాం ముందుకు జరిగినాది. ఎల్లుండే వస్తాడంట. సారు గాజు మీద పాచి సూసి ఒకటే అరుపులు. ఎల్లుండికి సముద్రం అద్దం మాదిరి ఉండాలంట, లేకుంటే చైర్మన్ పదవికి పూతలపట్టాయన పేరు రాయమన్నాడు."

మునస్వామి కుర్చీలో కూలబడ్డాడు. బ్యాక్టీరియా. తీపి. పెరుగుతుంది. ఎరువును తినేస్తుంది. ఈ మాటలు ఎక్కడో విన్నట్టుంది. ఎక్కడో ఏమిటి, ప్రకృతి వ్యవసాయం శిక్షణలో మండలాఫీసు వాళ్ళు మూడు పూటలా భోజనం పెట్టి మరీ నేర్పించిన పాఠమే అది.

"ఓరి నీ పాసుగూల," అన్నాడు పైకే. "ఇది జీవామృతమే గదబ్బా."

జీవామృతం తయారుచేయడంలో రాళ్ళగుంటపల్లెలో మునస్వామిని మించినవాడు లేడు. చెరుకుతోట గానుగ దగ్గరి నుంచి అచ్చు బెల్లం బుట్టెడు తెప్పించాడు. శనగపిండి క్యాంటీన్‌లో దొరికింది. తన పొలం గట్టు మీది మన్ను గుప్పెడు వేశాడు. శిక్షణలో చెప్పిన ప్రకారం పేడ, గోమూత్రం కూడా పడాలి. ప్రభుత్వ కార్యాలయమన్న గౌరవంతో అవి మానుకున్నాడు. అన్నిటినీ తొట్టిలో కలిపి, జెండా కర్రతో కుడివైపుకే, కుడివైపుకే తిప్పాడు. గంగాధరం భక్తిగా నిలబడి చూశాడు.

"చిటికెడే అనింది గదన్నా ఆ పాప?"

"అది వారాలకు లెక్క. మనకు టైం లేదు. ఎంత టైం తగ్గితే అంత బెల్లం పెరగల్ల. ఇది రైతు లెక్క, నీకు తెలీదు."

మర్నాటి ఉదయానికి సముద్రం బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబడింది. గాజుకు ముక్కు ఆనించినా రాయి కనపడదు, పగడం కనపడదు. చేపలు మాత్రం పైకొచ్చి, నోళ్ళు నీటి మీదికి పెట్టి తెరిచి మూస్తున్నాయి.

"జిందాబాద్ అంటా ఉండాయన్నా," అన్నాడు గంగాధరం.

"ఆకలేమో," అన్నాడు మునస్వామి. ఇద్దరూ కలిసి బొరుగులు వేశారు. చేపలు తినలేదు. నోళ్ళు ఇంకా వేగంగా తెరిచాయి.

మునస్వామి ప్రశాంతికి ఫోను చేశాడు. అటు నుంచి మేళం చప్పుడు.

"ఎంత బెల్లం వేసినారు సార్?"

మునస్వామి చెప్పాడు. మేళం చప్పుడు దూరమైంది, ప్రశాంతి పందిరి బయటికి వచ్చినట్టుంది.

"సార్, ఆ తెలుపంతా బ్యాక్టీరియానే. ఒక్కసారిగా పెరిగిపోయి నీళ్ళలో గాలంతా అదే పీల్చేస్తా ఉంది. చేపలకు ఊపిరాడట్లేదు. మొదట వాటిని బయటికి తీయండి. కొత్త సముద్రపు నీళ్ళు యాడన్నా ఉండాయా?"

ఉన్నాయి. ప్రారంభోత్సవం కోసం తడ నుంచి వచ్చిన ట్యాంకరు ఆఫీసు వెనకాల నిండుగా నిలబడి ఉంది. క్యాంటీన్‌లో బజ్జీలు దేవే జల్లిగరిటె తెచ్చి, చేపల్ని ఒక్కొక్కటే పట్టి, ట్యాంకరు పైకెక్కి మూత తీసి లోపలికి జారవిడిచాడు మునస్వామి. గాలి బుడగలు వదిలే చిన్న మోటారు గొట్టం కూడా లోపలికి దించాడు. దిగేటప్పుడు ఆయనకు కళ్ళు చెమర్చాయి. చేపల కోసమా, పదవి కోసమా అన్నది ఆయనకూ తేలలేదు.

పెద్దాయన వచ్చారు. రిబ్బన్ కత్తిరించారు. నీలం లైట్లు వెలిగాయి. లైట్ల కింద తెల్లటి నీళ్ళు, అంతే. పెద్దాయన వంగి చూశారు, ఇటు నుంచి చూశారు, అటు నుంచి చూశారు.

"ఏమయ్యా రాజారత్నం, ఏం కనపడట్లేదే?"

మునస్వామి గంగాధరం వెనక్కి జరిగాడు. మంత్రిగారు మాత్రం చెక్కు చెదరలేదు. అందుకే ఆయన మంత్రి.

"లోతు సార్."

పెద్దాయన తలాడించారు. ఆయనది కోస్తా. "నిజమే. లోపలికి పోయే కొద్దీ మా వైపు కూడా ఇంతే."

వెనక నుంచి ఒక జాయింట్ డైరెక్టరు వేలు చూపించాడు. "అదిగో సార్, ఒకటి కదిలింది." ఆ మాటతో అందరికీ కనపడసాగాయి. ఒకరికి ఎర్ర చేప, ఒకరికి నీలం చేప. కలెక్టరేట్ నుంచి వచ్చిన ఆయనకు తాబేలు కనపడింది, ఆయన సీనియరు. పెద్దాయన గుప్పెడు బొరుగులు చల్లారు. 'పెద్దాయన మేతకు ఎగబడిన చేపలు' అని మర్నాడు పేపర్లు రాశాయి.

ఆ తర్వాత మేత పొట్లాలతో వచ్చినవాళ్ళు చేపలేవని అడిగితే, గంగాధరం తనకు అలవాటైన జవాబే ఇచ్చాడు.

"క్యాంపులో ఉండాయి. సోమవారం రాండి."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. ప్రభుత్వ చేపలంటే అలాగే ఉంటాయి.

పెళ్ళి నుంచి వచ్చిన ప్రశాంతి పూటపూటా ట్యాంకరెక్కి నాలుగు మెతుకులంత మేత వేసి దిగేది. ఈలోగా తొట్టిలో బెల్లం అయిపోయింది. తినడానికి ఏమీ లేక బ్యాక్టీరియా చచ్చి నురుగై తేలింది, ఆ నురుగును తొట్టికి బిగించిన వడపోత మిషను తీసేసింది. సముద్రం తేటపడింది, మంత్రిగారు కోరినట్టు అచ్చం అద్దంలా. పగడాలు కూడా రంగులన్నీ పోయి తెల్లగా, పింగాణీలా నిలబడ్డాయి. అది చూసి మంత్రిగారు, "శుభ్రమంటే ఇదప్పా," అన్నారు.

రాజధాని నుంచి నీటి నాణ్యత బృందం వచ్చింది. గొట్టాల్లో నీళ్ళు పట్టారు. నైట్రేట్ సున్నా. ఫాస్ఫేట్ సున్నా. పాచి సున్నా. చేపల మరణాలు సున్నా. ఇన్ని సున్నాలు ఒకేచోట వాళ్ళెప్పుడూ చూడలేదు. రాష్ట్రంలోనే ఉత్తమ నిర్వహణ కింద చిత్తూరు సముద్రానికి అవార్డు ప్రకటించారు.

అవార్డు సభకు ముందు ప్రశాంతి మంత్రిగారి దగ్గరికొచ్చింది. "సార్, నీళ్ళు బాగుపడినాయి. చేపల్ని తొట్టిలో వేసేద్దాం. ట్యాంకర్లో ఇంకెన్ని దినాలు ఉంటాయి సార్?"

"వేస్తే?"

"తింటాయి సార్."

"తింటే?"

"నైట్రేట్ వస్తాది. కొంచెం ఉండాల్నే సార్, మంచిదే. మరీ సున్నా అయితే పగడాలకు తిండి లేక..."

"సూడు తల్లీ. సున్నాకు అవార్డు ఇచ్చినారు. కొంచానికి ఎవురన్నా ఇస్తారా?"

చేపలు లేని సముద్రానికి చేపల కన్సల్టెంటు ఎందుకన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. ఆమె పోస్టు తీసేశారు. అదే పూట, అదే పెన్నుతో, మునస్వామి చైర్మన్ ఆర్డరు మీద మంత్రిగారు సంతకం చేశారు.

సభలో దండలు పడుతుండగా గంగాధరం వచ్చి మంత్రిగారి చెవిలో చెప్పాడు. ఐరాల రోడ్డు మీద రాళ్ళగుంటపల్లె ఆడవాళ్ళు ఖాళీ బిందెలు పెట్టుకుని కూర్చున్నారు. బస్సులు ఆగిపోయాయి. పేపరోళ్ళు బయలుదేరారు.

మంత్రిగారు మునస్వామి వైపు తిరిగారు. "మీ ఊరి ట్యాంకరు యాడుండాది?"

"ఆఫీసు ఎనకాల సార్."

"నిండుగా ఉండాదా?"

"నిండుగానే ఉండాది సార్. కానీ సార్, అది..."

"చైర్మన్ గారూ," అన్నారు మంత్రిగారు.

మునస్వామిని ఆ పేరుతో పిలిచిన మొట్టమొదటి మనిషి ఆయన. మునస్వామి నోట్లో మిగిలిన సగం వాక్యం ఉంది. దాన్ని బయటికి తీస్తే ఈ పిలుపు మళ్ళీ వినపడుతుందో లేదో తెలియదు. గుటక వేశాడు.

"సెప్పండి సార్."

"నిండుగా ఉంటే ఇంకేం సూస్తా ఉండావు? పంపు."

ట్యాంకరు వెళ్ళింది. డ్రైవరును ఎవరూ ఏమీ అడగలేదు కాబట్టి డ్రైవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. బస్సులు కదిలాయి. తాగునీటి సమస్యను నిమిషాల్లో పరిష్కరించిన మంత్రిగారిని పేపర్లు మెచ్చుకున్నాయి.

సోమవారం. చైర్మన్ మునస్వామి కొత్త కుర్చీలో, తేటగా మెరిసే సముద్రం పక్కన కూర్చుని ఉన్నాడు. బయట కారు, కారు ముందు ఎర్ర బోర్డు. ఊళ్ళోకి మాత్రం ఆయన ఇంకా దిగలేదు. గంగాధరం టీకి వెళ్ళాడు.

సుబ్బులమ్మ వచ్చింది. ఈసారి ఆమె చేతులు ఖాళీగా లేవు. నడుం మీద బిందె ఉంది. బస్సులో వచ్చినట్టుంది, చీర సగం తడిసింది. బిందెను తెచ్చి చైర్మన్ గారి బల్ల మీద పెట్టింది.

"తాగి సూడు నాయనా."

"ఏమవ్వా, నీళ్ళు వచ్చినాయి గదా?"

"వచ్చినాయి. ఈతూరి ఇంటింటికీ తోలినారు, మా ఇంటి కాడికి వచ్చేసరికి అడుగు నీళ్ళే మిగిలినాయి, అవే నా బిందెలో పడినాయి. నువ్వు తాగి సూడు."

మునస్వామి చెయ్యి ముంచి నాలుక మీద వేసుకున్నాడు. ఉప్పు.

చెయ్యి తీసిన చోట నీళ్ళు కదిలాయి. బిందె అడుగు నుంచి నారింజ రంగు చేప ఒకటి పైకొచ్చింది. తెల్ల పట్టీలు. నీటి పైకి మూతి పెట్టి, మునస్వామి వైపు నోరు తెరిచి మూసింది. మళ్ళీ తెరిచింది.

"ఇది మీ వోడే గదా?" అంది సుబ్బులమ్మ. "క్యాంపు నుంచి వచ్చినాడు. వచ్చినకాడి నుంచి ఇట్లే నోరు తెరుస్తా ఉండాడు, ఏమి అడుగుతాడో తెలీలేదు. వాణ్ణి ఆ తొట్టిలో వేసుకో. నాకు మంచినీళ్ళు ఇయ్యి, పోతా."

మునస్వామి తొట్టి వైపు చూశాడు. జానెడు దూరంలో ఉంది. దాని పైన అవార్డు ఫలకం, ఫలకం మీద వరసగా సున్నాలు. బయట కారు వైపు చూశాడు. బిందెలోకి మాత్రం ఇంకోసారి చూడలేదు.

"సారు క్యాంపులో ఉండాడవ్వా," అన్నాడు. "సోమవారం రా."

సుబ్బులమ్మ బల్ల పక్కనే నేల మీద కూర్చుని, కాళ్ళు చాపుకుంది.

"ఈ దినం సోమవారమే నాయనా."